కవి ఫోటోను ఒకసారి వెనక్కి తిప్పండి

దేవుడి విగ్రహం చెక్కడానికి ఆళ్లగడ్డ శిల్పికి ఫోటో అక్కర్లేదు. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి పన్నెండు అంగుళాలు, విగ్రహాన్ని బట్టి నవతాళమో దశతాళమో. ఆ లెక్క తాతల నుంచి చేతికి వచ్చిందే. చిక్కంతా మనిషి విగ్రహం అడిగినప్పుడే. అందులోనూ కవి విగ్రహమైతే మరీను. అభిమాన సంఘం వాట్సాప్‌లో పంపే ఫోటో ఒక్కటే ఉంటుంది. నలుపు తెలుపు, ఎదురుగా చూస్తున్న ముఖం, భుజాల దాకా. అదీ అసలు ఫోటో కాదు. ఏదో పుస్తకం అట్ట మీది బొమ్మకు జిరాక్సు తీసి, ఆ జిరాక్సును సెల్‌ఫోన్‌తో ఫోటో తీసినది. పక్క నుంచి చూస్తే ముక్కు ఎలా ఉంటుంది, చెవులు తలకు అతుక్కుని ఉంటాయా విచ్చుకుని ఉంటాయా, వెనక జుట్టు ఎక్కడి దాకా దిగింది, ఇవేవీ అందులో దొరకవు. రాయికి మాత్రం నాలుగు వైపులూ ఉంటాయి. కనపడని మూడు వైపులనూ శిల్పి ఊహతో నింపుకోవాలి. చివరికి ఆవిష్కరణ సభలో ఎవరో ఒకరు లేచి ‘పోలిక రాలేదే’ అనేసి కూర్చుంటారు.

ఆ మాట అన్యాయం. లోపం ఉలిలో లేదు, శిల్పి చేతికి వచ్చిన కాగితంలో ఉంది. మనం దండలు వేసే కవుల ఫోటోల్లో చాలావాటికి ఊరూ పేరూ ఉండవు. తీసిందెవరో, ఏ ఏడాదో, ఏ ఊళ్లోనో, ఏ సందర్భమో ఎక్కడా రాసి ఉండదు. పద్యంలో ఒక్క పాఠాంతరం కనిపిస్తే పండితులు పేజీలకు పేజీలు వాదించుకునే భాష మనది. ఆ పద్యం రాసిన మనిషి ముఖానికి మాత్రం ఒక్క అధోజ్ఞాపిక దొరకదు.

ఇలా వివరాలు రాసిపెట్టే పని అమెరికాలో ఎలా జరిగిందో ఒకటి రెండు ఫోటోల దగ్గర ఆగి చూడటం మంచిది. 1943లో గోర్డన్ పార్క్స్ అనే నల్లజాతి ఫోటోగ్రాఫర్, కవి లాంగ్‌స్టన్ హ్యూస్‌ను నలుపు తెలుపులో తీశాడు. పార్క్స్ అప్పుడు ప్రభుత్వ యుద్ధ సమాచార కార్యాలయానికి పనిచేస్తున్నాడు. ఆ తర్వాత ఐదేళ్లకు ‘లైఫ్’ పత్రికలో చేరి, ఆ పత్రిక సిబ్బందిలో మొట్టమొదటి నల్లజాతి ఫోటోగ్రాఫర్ అయ్యాడు. ప్రభుత్వ జీతం మీద తీసిన ఫోటో గనక హ్యూస్ చిత్రం ప్రజల సొత్తు. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని దాచింది. లక్షన్నరకు పైగా నెగటివ్‌లున్న సేకరణలో అదొకటి. దానికో నంబరు ఉంది, తీసినవాడి పేరు ఉంది, ఏడాది ఉంది. రుసుము లేకుండా ఎవరైనా దించుకుని అచ్చు వేసుకోవచ్చు.

అంటే నంద్యాల జిల్లాలోని గోస్పాడు హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఫోన్ తెరిస్తే, సముద్రాల అవతలి నల్లజాతి కవి ముఖాన్ని ఎవరు ఏ సంవత్సరం తీశారో నిమిషంలో తెలుసుకోగలదు. తన పాఠ్యపుస్తకంలోని గుర్రం జాషువా ఫోటో ఎవరు తీశారని అదే పిల్ల అడిగితే సమాధానం చెప్పడానికి తెలుగు మాస్టారి దగ్గర ఏమీ ఉండదు. జాషువా 1971 దాకా జీవించారు. ఆయన ఉన్న కాలంలో కెమెరాలకూ స్టూడియోలకూ కొదవ లేదు. కొరతంతా రాసిపెట్టే అలవాటుకే.

ఇంకో ఫోటో మరీ ముఖ్యమైనది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇటలీ రేడియోలో ముస్సోలినీ పక్షాన ప్రసంగాలు చేసి దేశద్రోహం కేసులో ఇరుక్కున్న కవి ఎజ్రా పౌండ్, పన్నెండేళ్లకు పైగా మానసిక వైద్యశాలలో గడిపి 1958లో బయటికి వచ్చాడు. ఇటలీ ఓడ ఎక్కే ముందు న్యూజెర్సీలోని రూథర్‌ఫోర్డ్‌లో తన పాత స్నేహితుడు, కవీ డాక్టరూ అయిన విలియం కార్లోస్ విలియమ్స్ ఇంట్లో దిగాడు. 1958 జూన్ 30న ఫోటోగ్రాఫర్ రిచర్డ్ ఎవెడాన్ అక్కడికే వెళ్లి ఆయన్ని తీశాడు. ఆ ఫోటోలో పౌండ్ చొక్కా గుండీలు తీసి ఉన్నాయి. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నుదుటి ముడతలు, గడ్డం వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత దగ్గర. వెనక ఏ వస్తువూ లేదు, ఒట్టి తెలుపు. చూసినవాడు ఆయన్ని క్షమించాలో అసహ్యించుకోవాలో తేల్చుకోలేక నిలబడిపోతాడు.

ఇప్పుడు ఆ ఫోటో నుంచి తేదీని, చోటును తీసేసి చూడండి. మిగిలేది నిద్రపోతున్నట్టున్న ఒక ముసలాయన. 1958 అనే అంకె, విలియమ్స్ ఇల్లు అనే మాట పక్కన ఉన్నందువల్లే అది చరిత్ర అయింది. రెండేళ్ల తర్వాత అదే ఎవెడాన్ న్యూయార్క్‌లో మంచు కురుస్తున్న వీధిలో కవి డబ్ల్యూ.హెచ్. ఆడెన్‌ను నిలబెట్టి తీశాడు. దానికీ తేదీ ఉంది: 1960 మార్చి 3.

అమెరికావాళ్లు గొప్ప, మనం తక్కువ అనే పాత పాట పాడటానికి ఇదంతా చెప్పడం లేదు. మన ఫోటోలు ఇలా అనాథలు కావడానికి కారణాలున్నాయి. మొదటి కారణం అచ్చు యంత్రమే. లెటర్‌ప్రెస్ రోజుల్లో ఫోటో అచ్చు కావాలంటే ముందు బ్లాకు చేయించాలి. ముఖాన్ని సన్నటి చుక్కలుగా విడగొట్టి, జింకు రేకు మీద ఆమ్లంతో తినిపించి, ఆ రేకును చెక్క దిమ్మకు బిగించాలి. ఖర్చుతో కూడిన పని. అందుకే ఒకసారి చేయించిన బ్లాకును ప్రెస్సువాళ్లు సొరుగులో దాచి ఏళ్ల తరబడి వాడేవారు. కవికి సన్మానం జరిగినా ఆ బ్లాకే, షష్టిపూర్తి అయినా ఆ బ్లాకే, పోయాడని వార్త వచ్చినా ఆ బ్లాకే. అలా ఒక్కో కవికి ఒక్కో ముఖం ఖాయమైపోయింది.

రెండో కారణం ఇంకా చిన్నది. దాని నష్టం మాత్రం పెద్దది. ఆ రోజుల్లో స్టూడియో యజమాని ప్రింటు వెనక రబ్బరు స్టాంపు కొట్టేవాడు. స్టూడియో పేరు, బజారు పేరు, ఊరు ఉండేవి. కొందరు నెగటివ్ నంబరు కూడా పెన్సిలుతో వేసేవారు, ఎవరైనా మళ్లీ కాపీ అడిగితే వెతకడానికి. ఫోటో జాతకం అంతా ఆ వెనక వైపే ఉంది. మనవాళ్లు స్కాన్ చేసింది ముందు వైపే. పుస్తకాలు, ప్రత్యేక సంచికలు, వెబ్‌సైట్లు అన్నీ ముఖాన్ని తీసుకుని వీపును వదిలేశాయి. అంతకు ముందే ఫ్రేము కట్టేవాడు ఆ స్టాంపు మీద జిగురు పూసి అట్ట అంటించి ఉంటే, స్కాన్ చేయాలనుకున్నా కనపడదు.

ఏడాది తెలియకపోతే పోయేదేమిటి అని అడిగేవారికి దేవులపల్లి కృష్ణశాస్త్రి ఫోటో చాలు. గిరజాల జుట్టు, లాల్చీ, గ్లాస్కో పంచె. ఆ వేషం ఎంత బలంగా నాటుకుందంటే, భావకవి అని కార్టూను గీయాల్సి వస్తే తరాల పాటు అదే గీశారు. కృష్ణశాస్త్రి గొప్ప వక్త. రేడియోలో, సభల్లో ఆయన గొంతు కోసం జనం ఎదురుచూసేవారు. 1963లో జబ్బు చేసి ఆ గొంతు పోయింది. 1980లో కన్నుమూసే దాకా ఆయన కాగితం మీద రాసి చూపిస్తూ మాట్లాడారు. ఇప్పుడు మీ దగ్గరున్న కృష్ణశాస్త్రి ఫోటో కింద సంవత్సరం లేదనుకోండి. అందులోని మనిషి మాట్లాడగలడో లేదో మీకు తెలియదు. పెదవులు మూసుకుని ఉన్నది ఫోటో కోసమా, ఇక తెరిచి లాభం లేకనా?

శ్రీశ్రీ విషయంలో తమాషా ఇంకో రకం. ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో. అందులోని గేయాలు చాలావరకు 1930ల నాటివి. 1910లో పుట్టిన మనిషి ఇరవైల్లో రాసినవి. జయంతికీ వర్ధంతికీ మనం పెట్టే ఫోటోలో మాత్రం ఎప్పుడూ నడివయసు దాటిన శ్రీశ్రీయే ఉంటాడు. కుర్రవాడి నోట రావలసిన ఆవేశాన్ని పెద్దాయన ముఖానికి అంటించి పిల్లలకు చూపిస్తున్నాం. ప్రొద్దుటూరులో బడిపంతులుగా పనిచేసిన పుట్టపర్తి నారాయణాచార్యులకూ ఇదే గతి పట్టింది. చిన్నతనంలో ఆయన రాసిన ‘పెనుగొండ లక్ష్మి’ తర్వాత ఆయనే కూర్చున్న విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథంగా వచ్చిందని సీమలో కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆ కుర్రాడి ముఖం ఎక్కడా కనపడదు. తెలుగు కవులంతా ముసలివాళ్లుగానే పుట్టారేమో అనిపిస్తుంది మన గోడలు చూస్తే.

ఇదే శ్రీశ్రీ దస్తూరీకీ గొంతుకూ మాత్రం లెక్క ఉంది. 1981లో లండన్‌లో గూటాల కృష్ణమూర్తి పట్టుబట్టి శ్రీశ్రీ చేత ‘మహాప్రస్థానం’ మొత్తాన్ని సొంత చేతిరాతతో రాయించి, ఆయన గొంతుతో చదివించిన క్యాసెట్‌ను జతచేసి ప్రచురించారు. చేసిందెవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలకూ జవాబుంది. ఒక్క మనిషి పూనుకుంటే అయిన పని అది. ముఖం విషయంలో అలా పూనుకున్నవాళ్లు తక్కువ.

నంద్యాల ప్రాంతానికి ముఖం లేకపోవడమంటే ఏమిటో బాగా తెలుసు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంపిణీవాళ్లు ఉరితీశారు. తలను కోట బురుజుకు ముప్పై ఏళ్లు వేలాడదీశారని చెబుతారు. అంతమంది కళ్లారా చూసిన ముఖం ఎలా ఉండేదో ఇవాళ చెప్పగలిగేవారు లేరు. జానపదుల పాటలో పేరు మిగిలింది, పౌరుషం మిగిలింది, ముఖం మిగల్లేదు. 2019లో ‘సైరా’ సినిమా వచ్చాక ఈ తరానికి నరసింహారెడ్డి అంటే చిరంజీవి ముఖమే.

సరిగ్గా అదే చలికాలంలో, 1846 డిసెంబరుకూ 1847 మార్చికీ నడుమ, అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఎమిలీ డికిన్సన్ అనే పదహారేళ్ల అమ్మాయి డాగెర్రోటైపు కెమెరా ముందు కూర్చుంది. డాగెర్రోటైపు అంటే వెండిపూత వేసిన రాగి రేకు మీద నేరుగా పడే బొమ్మ. దానికి నెగటివ్ ఉండదు, రెండో ప్రతి ఉండదు. ఆ అమ్మాయి అప్పటికి కవయిత్రిగా ఎవరికీ తెలియదు. బతికినంత కాలం అచ్చయిన కవితలే బహుతక్కువ. నిజమైనదని అందరూ ఒప్పుకున్న ఆమె ఫోటో అదొక్కటే. ఇప్పుడది ఆమ్‌హర్స్ట్ కాలేజీలో ఉంది. 2012లో ఆమెదేనంటూ ఇంకో ఫోటో బయటపడితే, కంటి వైద్యుల చేత కళ్లు పోల్పించారు, గౌను బట్టను పోల్చి చూశారు, వాదన ఇంకా తెగలేదు. ఒక కవయిత్రికి రెండో ముఖం ఉందా లేదా అని తేల్చుకోవడానికి అంత తంటాలు పడ్డారు.

ఆ రేకు మిగిలింది ఆమె గొప్ప కవయిత్రి అని గాదు. గొప్పదని తెలియకముందే ఎవరో పారేయకుండా ఉంచారు గనక మిగిలింది. ఇక్కడే మనం నేర్చుకోవలసింది ఉంది.

కెమెరా పుట్టక ముందటి కవుల సంగతి వేరు. వాళ్ల ముఖాలను ఊహించుకునే హక్కు జాతికి ఉంది. అహోబిల నరసింహుడి కథను ‘నృసింహ పురాణం’గా రాసిన ఎర్రాప్రగడ, బనగానపల్లె రవ్వలకొండలో కాలజ్ఞానం రాశారని చెప్పే పోతులూరి వీరబ్రహ్మం, వేమన, మొల్ల వీళ్లంతా హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలై నిలబడ్డారు. అవన్నీ శిల్పులు భక్తితో కల్పించుకున్న ముఖాలు. నంద్యాల కృష్ణరాజుకు ‘కళాపూర్ణోదయం’ అంకితమిచ్చిన పింగళి సూరన ఎలా ఉండేవాడని అడిగితే ఎవరి ఊహ వాళ్లది. ఎవరూ తప్పు పట్టరు. అదే ట్యాంక్‌బండ్ మీద గురజాడ, జాషువా, శ్రీశ్రీ, మఖ్దూం మొహియుద్దీన్ కూడా ఉన్నారు. వీళ్లు కెమెరా చూసిన కవులు. వీళ్ల ముఖాలకు ఊహ అవసరం పడకూడదు. ఇంకో యాభై ఏళ్లు ఇలాగే కాపీల మీద కాపీలు తీస్తూ పోతే వీళ్లూ వేమన వరసలో చేరిపోతారు. ఫోటో ఉండి కూడా ముఖం పోగొట్టుకున్నవాళ్లవుతారు.

ఇది భయపెట్టడానికి అంటున్న మాట కాదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి కట్టే ఫ్లెక్సీ ఏదైనా దగ్గరికి వెళ్లి చూడండి. పొడుగాటి ఫోటోను అడ్డంగా ఉన్న గడిలో ఇరికించడానికి డిజైనర్ రెండు వైపులా లాగుతాడు. గిడుగు రామమూర్తి బుగ్గలు ఉబ్బుతాయి. చెవులు గుండ్రమవుతాయి. వచ్చే ఏడాది ఇంకో ఊళ్లో ఇంకొకరు ఆ ఫ్లెక్సీనే ఫోటో తీసుకుని వాడతారు. పాపం గిడుగువారు ప్రతి ఆగస్టులోనూ కాస్త లావెక్కుతుంటారు.

ఇప్పుడు దీనికి రంగుల పిచ్చి తోడైంది. ఫోన్‌లో ఒక మీట నొక్కితే నలుపు తెలుపు కవి రంగుల్లోకి వచ్చేస్తాడు. చూడటానికి బాగుంటుంది. కాని ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చింది? యంత్రం ఊహించింది. ఆ ఊహ ఎంత డొల్లో తెలియాలంటే పాత ఫిల్ము సంగతి కొంచెం తెలియాలి. ఆ కాలపు స్టూడియోల్లో చాలాకాలం వాడిన ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లకు ఎరుపు కనపడదు. ఎర్రగా ఉన్నదల్లా ప్రింటులో నల్లబడుతుంది. అందుకే చాలా పాత పెళ్లి ఫోటోల్లో పెళ్లికూతురి కుంకుమబొట్టు నల్లటి చుక్కగా ఉంటుంది, పెదవులు ముదురుగా ఉంటాయి, చామనఛాయ మనిషి ఉన్నదానికన్నా నలుపు తేలతాడు. తర్వాత వచ్చిన పాంక్రొమాటిక్ ఫిల్ము ఎరుపును కూడా పట్టుకుంది. ఫోటో ఏ ఏట తీసిందో, ఏ రకం ప్లేటు మీద తీసిందో తెలియకుండా ఒంటిరంగు చెప్పడం జోస్యమే.

దాని మీద స్టూడియోవారి టచింగ్ ఒకటి. నెగటివ్‌ను గాజు బల్ల మీద పరిచి, కింద నుంచి వెలుతురు పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముడతల మీదా స్ఫోటకం మచ్చల మీదా సన్నగా గీసేవారు. నెగటివ్‌లో పెన్సిలు పడిన చోటు ప్రింటులో తెల్లబడుతుంది, మచ్చ మాయమవుతుంది. అంటే పాత ఫోటో కూడా పచ్చి నిజమేమీ కాదు. ఒప్పుకోవాలి. అయితే ఆ టచింగ్ చేసినవాడు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసినవాడు, గడ్డం కాస్త పైకెత్తమన్నవాడు, భుజం సర్దినవాడు. యాప్ ఆ మనిషిని చూడలేదు. తీరా చూస్తే ఈ రంగుల వేటలో మన కవులంతా ఒకే గోధుమ రంగులోకి, ఒకే నున్నటి చర్మంలోకి వస్తున్నారు. కులం పేరుతో మనుషులను వెలివేసిన సమాజం మీద జీవితమంతా పద్యాలతో పోరాడిన జాషువాకు సాఫ్ట్‌వేర్ తనకు తోచిన ఒంటిరంగు పూయడం ఆషామాషీ వ్యవహారం కాదు. పాఠ్యపుస్తకాలకైనా దీన్ని నిషేధించాలి. నలుపు తెలుపును నలుపు తెలుపుగానే ఉండనివ్వాలి.

ఇక తీసినవాడి సంగతి. కవిని గుర్తుపెట్టుకుని, కవిని మనకు చూపించినవాణ్ని మరిచిపోవడం ఎంత విచిత్రమో అలిశెట్టి ప్రభాకర్‌ను తలుచుకుంటే అర్థమవుతుంది. ఆయన కవి, చిత్రకారుడు, కడుపుకూటికి ఫోటోగ్రాఫర్. జగిత్యాలలో ‘పూర్ణిమ’, కరీంనగర్‌లో ‘శిల్పి’, హైదరాబాద్‌లో ‘చిత్రలేఖ’ అని స్టూడియోలు నడిపాడు. క్షయతో 1993 జనవరి 12న పోయాడు. ‘ఎర్ర పావురాలు’, ‘రక్తరేఖ’, ‘సంక్షోభ గీతం’ రాసినవాడిగా ఆయన పేరు నిలిచింది. ఆ స్టూడియోల్లో ఆయన తీసిన వేలాది ముఖాల వెనక ఆయన పేరు చూసి దాచుకున్నవాళ్లు ఎందరు? కవిత కింద సంతకం ఉంటే గౌరవిస్తాం, ఫోటో వెనక స్టాంపు ఉంటే అట్ట అంటిస్తాం.

చట్టం మాత్రం ఇద్దరినీ ఒకేలా చూస్తుంది. 1957 కాపీరైట్ చట్టం లెక్కలో ఫోటో తీసినవాడే దాని కర్త. కర్త పేరు చెప్పాలనే హక్కు, కాపీరైటు ఇంకొకరికి అమ్ముకున్నాక కూడా అతనిదే. 2012 సవరణ తర్వాత ఫోటోగ్రాఫర్‌కూ రచయితలాగే జీవితకాలం, ఆపైన 60 ఏళ్ల హక్కు వచ్చింది. కాబట్టి ఫోటో ఎవరు తీశారో తెలియకపోతే దాని మీద ఎవరి హక్కు ఎప్పటిదాకా ఉందో కూడా తేలదు. పేరు లేకపోవడం వల్ల ఫోటో అందరిదీ అయిపోదు. ఎవరిదో తెలియని సొత్తుగా వేలాడుతుంది, అంతే. జాగ్రత్తగా ఉండే ప్రచురణకర్త ముట్టుకోడు, జాగ్రత్త లేనివాడు ముట్టుకుని పాడుచేస్తాడు.

దీనికి కోట్ల ప్రాజెక్టు అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపన్ను కట్టే ప్రతివారూ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. 1960 నాటి గ్రంథాలయ చట్టం పెట్టిన పద్ధతి అది. గోస్పాడులో ఇల్లున్నవారు కూడా కడుతున్నారు. ఆ డబ్బుతో నడిచే జిల్లా గ్రంథాలయంలో ఒక స్కానరు, ఒక రిజిస్టరు, ఒక గుమస్తా చాలు. ఊళ్ల నుంచి ఎవరైనా పాత ఫోటో తెస్తే ముందు వైపు, వెనక వైపు రెండూ స్కాన్ చేయాలి. తెచ్చినవారు చెప్పిన కబురు రాసుకోవాలి. అసలు ఫోటో వారికే ఇచ్చేయాలి. 2022 ఏప్రిల్ 4న పుట్టిన నంద్యాల జిల్లా కొత్తది. కొత్త జిల్లాకు పాత దస్త్రాల బరువు తక్కువ. మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి అదను ఉండదు.

తెచ్చేంత ఫోటోలు ఈ పల్లెల్లో ఎక్కడివి అని కొట్టిపారేయకూడదు. దత్తమండలాలకు ‘రాయలసీమ’ అని పేరు పెడదామని చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించింది 1928 నవంబరులో, నంద్యాల సభలోనే. ఆ కాలంలో సభ అంటే చివర్లో అధ్యక్షుడు కుర్చీలో, మిగతావారు వెనక నిలబడి గ్రూప్ ఫోటో తీయించుకోవడం రివాజు. అవధానాలకు, పాఠశాల వార్షికోత్సవాలకు, గ్రంథాలయ సభలకు ఊరూరా పండితులు తిరిగారు. వాళ్లను ఇంట దింపుకున్న రైతులు, కరణాలు, ఉపాధ్యాయులు కుందూ నది ఒడ్డు పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఫోటోలు అటక మీది ట్రంకు పెట్టెల్లో, పెళ్లి ఆల్బమ్ చివరి పేజీల్లో, భూమి పత్రాల సంచుల్లో దాగి ఉంటాయి. తాతగారి పక్కన కండువా వేసుకుని కూర్చున్న ఆయన ఎవరో ఇంట్లో ఎనభై దాటిన ఒక్క అవ్వకే తెలిసి ఉంటుంది. ఆ అవ్వ ఉండగానే అడగాలి. 2009 అక్టోబరులో కర్నూలు నగరం నీట మునిగినప్పుడు జనం ప్రాణాలు దక్కించుకుని మేడల మీదికి ఎక్కారు, ఆల్బమ్‌లు కింద ఉండిపోయాయి. కుందూకూ పొంగే అలవాటు ఉంది.

మూతపడిన స్టూడియోల సంగతి మరీ తొందర పని. డిజిటల్ వచ్చాక డార్క్‌రూంలు సెల్‌ఫోన్ రీచార్జి కొట్లయ్యాయి. నెగటివ్‌ల డబ్బాలు పాత సామాన్లవాడికి పోయాయి. ఫిల్ములోని వెండి కోసం కొనేవాళ్లూ ఉంటారు. ఇంకా డబ్బాలు మిగిలి ఉన్న పాత ఫోటోగ్రాఫర్ కుటుంబం నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో కోవెలకుంట్లలోనో ఉంటే, వాటిని అమ్మే ముందు గ్రంథాలయానికి ఒక్క మాట చెప్పాలి. తెలుగు ఉపాధ్యాయులు కూడా పిల్లల చేత కవి పరిచయాలు కాపీ చేయించే బదులు, ఈ ఏడాది ప్రాజెక్టు పనిగా ఇంట్లో ఉన్న పాత ఫోటో ఒకటి తెచ్చి దాని కథ రాయమనవచ్చు. ప్రచురణకర్తలు, పత్రికలవాళ్లు, పాఠ్యపుస్తకాల కమిటీలు కవి ఫోటో కింద తీసినవారి పేరు, ఏడాది వేయడం మొదలుపెట్టాలి.

చదివేవారు చేయగలిగిన పని చిన్నది. ఇంట్లో పాత ఫోటో ఏదైనా ఉంటే ఫ్రేములోంచి మెల్లగా తీసి వెనక్కి తిప్పి చూడండి. ప్రింటు అద్దానికి అంటుకుని ఉంటే మాత్రం లాగొద్దు, అలాగే స్కాన్ చేయించండి. వెనక స్టాంపు ఉంటే దాన్నీ ఫోన్‌తో ఫోటో తీయండి. అందులో ఉన్నవారి పేర్లు ఎడమ నుంచి కుడికి, తెలిసినంత వరకు ఊరు, సంవత్సరం మెత్తటి పెన్సిలుతో వెనక వైపు అంచున రాయండి. బాల్‌పెన్ వాడొద్దు, దాని ఒత్తిడి ముందు వైపుకు దిగుతుంది, సిరా పాకుతుంది. ఎంత చిరిగినా, ఎంత పసుపెక్కినా ఫోటోను లామినేషన్‌కు మాత్రం ఇవ్వకండి. ఒకసారి ప్లాస్టిక్ కరిగి అంటుకుంటే మళ్లీ ఊడదీయడం ఎవరి తరమూ కాదు.